కరెంటు తీగ కాదు, కట్టుబాటు కావాలి

మొన్న ఆదివారం ఊరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మక్క చేనును పందులు ఉంచుతలేవు. ఈసారి మనం కూడా కరెంటు తీగ పెడదాం, పైసలు పంపు" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది నిజామాబాద్ జిల్లా. సివిల్ డిప్లొమా చేసి, ఆరేళ్ళు దుబాయ్‌లో ఉండి, ఇప్పుడు జర్మనీలోని హెస్సెన్ రాష్ట్రంలో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మా సైట్‌లో క్రేన్ నడిపే పెద్దాయనకు వేట లైసెన్సు ఉంది. 2023 నవంబర్‌లో ఒక శనివారం, పందులను తోలడానికి మనుషులు తక్కువయ్యారని నన్ను పిలిచాడు. లైసెన్సు తుపాకి పట్టేవాళ్ళకే కావాలి, తోలేవాళ్ళకు అక్కర్లేదు. నారింజ రంగు జాకెట్ వేసుకొని, కర్రతో పొదలు కొట్టుకుంటూ స్పెస్సార్ట్ అడవిలో పొద్దంతా నడిచాను. పిల్లలున్న తల్లిపందిని కొట్టొద్దని బయలుదేరే ముందే అందరికీ చెప్పారు. చట్టమే అట్లా ఉందట.

మధ్యాహ్నానికి ఏడు పందులు పడ్డాయి. అసలు పని అప్పుడు మొదలైంది. వెనక కాళ్ళకు కొక్కెం వేసి వేలాడదీశారు. పేగు, మూత్రపు సంచి తెగకుండా పెద్దాయన రెండు వేళ్ళు లోపల పెట్టి మెల్లగా పొట్ట కోశాడు. పేగు తెగితే మాంసం పాడవుతుంది. కార్జం, గుర్దాలు వెలుతుర్లో తిప్పి తిప్పి చూశాడు. గడ్డో, మచ్చో అనుమానంగా కనిపిస్తే పశువుల డాక్టరుకు చూపించాల్సిందే. తర్వాత పందులను వరుసగా పడుకోబెట్టి, ఒక్కోదాని నోట్లో చిన్న కొమ్మ పెట్టారు. ఆఖరి ముద్ద అంటారట. అందరూ టోపీలు తీసి నిలబడితే కొమ్ము బూర ఊదారు.

అక్కడితో అయిపోలేదు. మాంసం లోపలి వేడి 7 డిగ్రీలకు దిగేదాకా చల్లటి గదిలో పెట్టాలి. ట్రైకినెల్లా అనే పురుగు ఉందేమోనని ముందు కాలి కండ, పొట్టకూ రొమ్ముకూ మధ్య ఉండే పొర కండ కోసి పరీక్షకు పంపాలి. ఫలితం రాకుండా ఒక్క ముక్క తినడానికి లేదు. బవేరియాలో కొన్ని అడవుల్లో 1986 నాటి చెర్నోబిల్ అణుధూళి ఇప్పటికీ పందుల మాంసంలో కనబడుతుంది. కిలోకు 600 బెక్వెరెల్ దాటితే అమ్మకూడదు.

వారం తర్వాత నాకు రెండు కిలోలు ఇచ్చాడు. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, మిరియాలు దట్టంగా వేసి కుక్కర్‌లో ఉడికించి రూములో ఐదుగురం తిన్నాం. ఊర పంది పేరెత్తితే ముక్కు మూసుకునేవాడు కూడా అడవి పంది అనగానే గిన్నె పట్టుకొచ్చాడు! అందరూ నవ్వుతుంటే నాకు మాత్రం మా చిన్నాయన గుర్తొచ్చాడు.

తెల్లవారుజామున చేనుకు నీళ్ళు పెట్టడానికి పోయి, పక్క చేన్లో పందుల కోసం కట్టిన తీగ తగిలి చనిపోయాడు చిన్నాయన. తీగ కట్టిన మనిషి పగవాడేం కాదు, మాకు వరసకు మామ. రెండేళ్ళు వరసగా ఆయన పంట పందుల పాలైంది. నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టి, తిరిగి తిరిగి విసిగిపోయాడు. ఆఖరుకు ఒక కుటుంబం దిక్కులేనిదైంది, ఇంకో కుటుంబం కోర్టుల చుట్టూ తిరిగింది. పందులు మాత్రం మళ్ళీ వచ్చాయి.

జర్మనీలోనూ పందులు తక్కువేం కాదు. 2019-20 వేట సంవత్సరంలో 8 లక్షలకు పైగా కొట్టారు. కానీ ఇక్కడ వేట హక్కు భూమి ఉన్నవాళ్ళది. చిన్న రైతులంతా సంఘంగా ఉండి ఆ హక్కును వేటగాళ్ళకు కౌలుకిస్తారు. పందులు పంట తింటే పరిహారం బాధ్యత సంఘానిది. చాలాచోట్ల ఒప్పందంలోనే దాన్ని కౌలుదారు మీద పెడతారు. పందులు పెరిగితే వేటగాడి జేబుకే చిల్లు. ఇక్కడ అంతా బంగారమని నేననను. వేటకు డబ్బు కావాలి, మనలాంటివాళ్ళకు ఆ పరీక్ష ఫీజులే భారం. అయినా నష్టం ఎవరు కట్టాలో ముందే తేల్చిపెట్టారు. మన దగ్గర లేనిది అదే. నేర్పుగల షూటర్లు అనుమతితో రావాలి, పరిహారం పంట కాలంలోనే చేతికి అందాలి. ఈ రెండూ జరిగితే తీగ కట్టే అవసరం ఎవరికొస్తుంది?

ఇక్కడున్న సోదరులకు కూడా ఒక మాట. రోడ్డు మీద కారు తగిలి పంది చస్తే, ఊరికే పోతుంది కదా అని డిక్కీలో వేసుకోకండి. అది దొంగవేట కింద లెక్క, మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. పోలీసులకు 110 కొట్టండి. పందులకు వచ్చే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో బ్రాండెన్‌బుర్గ్‌లో, 2024లో మా హెస్సెన్‌లో బయటపడింది. మనుషులకు సోకదు గానీ, పారేసిన సాసేజ్ ముక్కతో కూడా పందులకు అంటుకుంటుంది. అందుకే మా సైట్‌లో మిగిలిన తిండిని మూత ఉన్న డబ్బాలోనే వేయిస్తున్నాను. ఊరి నుంచి మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి తేవడం కూడా యూరప్‌లో నిషేధమే.

తమ్ముడికి పైసలు పంపాను. తీగకు కాదు, సోలార్ కంచెకు. అది ఝల్లుమనిపిస్తుంది గానీ, సరిగా బిగిస్తే ప్రాణం తీయదు. ఊళ్ళో తీగ కొనే డబ్బు చాలాసార్లు మనం పంపేదే. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, చేను చుట్టూ ఏం కట్టారో ఒక్కసారి అడగండి.

– ఒక సైట్ సూపర్‌వైజర్, హెస్సెన్, జర్మనీ