నిద్రపట్టని బిడ్డను నిందింపకుడి



మన గ్రామసంఘములలో ఒక దురాచారము వేరుపాఱి యున్నది. రాత్రి నిద్రపట్టని యౌవనస్థుని సోమరి యందుము. నిద్రలో కేకలు వేయు బాలికకు దయ్యము పట్టినదందుము. ప్రొద్దెక్కినను లేవని కుఱ్ఱవానిమీద చెంబెడు నీళ్లు కుమ్మరింతుము. అంతటితో ఆగక, "విశ్వాసముంటే నిద్ర పట్టదా?" అని పదిమందిలో అడుగుదుము. ఈ మాట వాక్యమునకు విరోధమైనదనియు, గాయపడిన బిడ్డను మరల గాయపరచునదనియు చెప్పుటకే నేనిది వ్రాయుచున్నాను.

నిద్రపోవుట యనగా కావలి మానుట. జొన్నచేనిలో మంచెమీద నున్నవాడు పందుల భయమున్నంతకాలము కన్ను మూయడు. తండ్రి త్రాగివచ్చి తల్లిని కొట్టు ఇంటిలోను, చీకటిపడిన తరువాత బంధువు చేయి తనమీద పడు ఇంటిలోను పెరిగిన బిడ్డ అట్టి కావలివాడే. చిన్న చప్పుడైనను వాని గుండె దడదడ కొట్టుకొనును. పదేండ్లు గడచి, ఆ తండ్రి చనిపోయినను, ఆ బంధువు ఊరు విడిచినను, వాని శరీరము మంచె దిగదు. పంట ఇల్లు చేరినదని దానికెవరు చెప్పిరి? కన్ను మూసిన యెడల పాత భయమే కలగా వచ్చును. తెల్లవారుజామున నలుగురు లేచిన అలికిడి విన్న తరువాతనే వానికి ధైర్యము కలిగి కునుకు పట్టును. సరిగా ఆ వేళనే మనము నీళ్లచెంబు పట్టుకొని వత్తుము!

పదమూడేండ్లు మొదలుకొని పదునెనిమిదేండ్లవరకు నున్నవారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. అది లేనివాడు పాఠము మరచును, ఊరక కోపపడును, దిగులుపడును. కొందరు చావవలెనని తలంతురు. ఆ కోపమును చూచి దుష్టుడనియు, ఆ మరపును చూచి మొద్దనియు మనము పేరు పెట్టుదుము.

"ఇవి పట్టణపు రోగములు, మన ఊళ్లలో లేవు" అందురా? 2007వ సంవత్సరమున మన కేంద్ర ప్రభుత్వమువారు 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి ఒక నివేదిక ప్రకటించిరి. అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటిలో నొకటి. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. సగముకంటె ఎక్కువమంది ఏదో యొక విధముగా లైంగిక దౌర్జన్యమునకు లోనైనవారే. చేసినవారిలో అనేకులు బిడ్డ ఎరిగినవారు, నమ్మినవారు. మన బల్లలమీద కూర్చుండు పిల్లలు ఆ లెక్కకు వెలుపల నున్నారని ఎవరు ప్రమాణము చేయగలరు?

ఇక వాక్యమునకు వత్తము. ఏలీయా ప్రాణభయముతో పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడు అతని అవిశ్వాసి యనలేదు. ముందు నిద్ర నిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును పంపెను, మరల నిద్రపోనిచ్చెను. ప్రశ్న వేసినది హోరేబు చేరిన తరువాతనే, పని అప్పగించినది అటు పిమ్మటనే. మార్కు వ్రాసిన సువార్తలో దోనెయందు భయపడిన శిష్యులను చూడుడి. ప్రభువు మొదట గాలిని గద్దించెను. విశ్వాసమునుగూర్చి ఆ పిమ్మట అడిగెను. మనమో, గాలిని విడిచి శిష్యులను గద్దించుచున్నాము!

దయ్యముల సంగతి లేఖనములో లేదని నేననను. అయితే మత్తయి నాలుగవ అధ్యాయములో రోగులను, దయ్యము పట్టినవారిని వేరువేరుగా చెప్పియున్నాడు. ఆ భేదము నెరుగక, భయపడు బాలికను జుట్టు పట్టి కొట్టుటయు, నిద్రలేనివానిని రాత్రంతయు ఉపవాసముతో కూర్చుండబెట్టుటయు ప్రార్థన కాదు, హింస.

నిద్రపట్టని ప్రతివాడును గాయపడినవాడని నేను చెప్పను. సెల్‌ఫోను, రాత్రి త్రాగిన టీ, పరీక్షల దిగులు కూడ కారణములే. గాని కారణము తెలియకముందే తీర్పు తీర్చుట మనకు తగదు. ఒంటరిగా, మెల్లగా అడుగుడి: "రాత్రులు నీకు భయమా, అమ్మా?" చెప్పిన యెడల నమ్ముడి. చెప్పకున్న యెడల బలవంతము చేయకుడి. గడియ వేసికొనుటకు తలుపు, చిన్న దీపము, భయము లేని తోడు, ప్రతిదినము ఒకే వేళకు పడక, మంచముదగ్గర నాలుగు మాటల ప్రార్థన ఇయ్యుడి. కలలు విడువక వచ్చుచున్న యెడల పెద్దాసుపత్రిలో మనోవైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. 14416 అను టెలిమానస్ నంబరుకు ఫోను చేసినను ఉచితముగా తెలుగులో మాట్లాడుదురు. వైద్యునియొద్దకు పోవుట అవిశ్వాసమైన యెడల లూకాను ప్రియమైన వైద్యుడని పౌలు ఏల పిలిచెను?

చివరగా ఒక కఠినమైన మాట. హింస ఇంకను జరుగుచున్న ఇంటిలో నిద్రకు మందు లేదు. హింసను ఆపుటయే మందు. "కుటుంబము పరువు, సంఘము పరువు" అని నోరు మూయించు పెద్దలారా, వినుడి. 18 ఏండ్లలోపు బిడ్డమీద లైంగిక నేరము జరిగినదని తెలిసియు పోలీసులకు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. పాస్టరునకైనను, పెద్దకైనను మినహాయింపు లేదు. 1098 నంబరుకు ఫోను చేసినను బిడ్డకు సహాయము వచ్చును. దేశపు చట్టము అట్లుండగా, చిన్నవారిని అభ్యంతరపరచువాని మెడకు తిరుగటిరాయి మేలని చెప్పిన ప్రభువు మనలను ఊరక విడుచునా?

ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు, నిద్రపోడని మనము విశ్వసించుచున్నాము. ఆయన మేలుకొని యుండుట బిడ్డలు నిద్రపోవుటకే. పెద్దలమైన మనమును మేలుకొని యుందము. మన ఇండ్లలోని చిన్న కావలివారిని మంచెమీదనుండి దింపి, కావలి మనమే కాయుదము.