‘ఇన్’ చేసే గారడి

పెట్రోలు తీసుకొనిపోయే ట్యాంకరు వెనుక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్రని అక్షరాలతో వ్రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. ‘ఫ్లేమ్’ అంటే మంట. మాటకు ముందు ‘ఇన్’ చేరితే వ్యతిరేకార్థం వస్తుందని వ్యాకరణ పట్టికలు నేర్పుతాయి. ఆ లెక్కన ఇది ఏమాత్రం మండని పదార్థం కావాలి. కాని ఆ మాటకు సులభంగా అంటుకొనేది అని అర్థం. పరీక్షలో ఈ పొరపాటు జరిగితే ఒక మార్కు పోతుంది. ట్యాంకరు పక్కన జరిగితే ప్రాణమే పోవచ్చు.

లాటిన్ భాషలో ‘ఇన్’లు రెండున్నాయి. ఒకటి లేమిని తెలుపుతుంది. రెండవది ‘లోనికి’ అనే అర్థాన్నిస్తుంది. దిగుమతిని చెప్పే ‘ఇంపోర్ట్’లో ఉన్నది ఈ రెండవదే. మంట పెట్టడం అనే అర్థం గల లాటిన్ క్రియలోనూ అదే ఉంది. రూపం ఒకటే కావడం వలన జనం భ్రమపడతారని భావించి 1920లలో అమెరికాలోని జాతీయ అగ్ని రక్షణ సంఘమూ, 1959లో బ్రిటిష్ ప్రమాణాల సంస్థా ‘ఇన్’ను తొలగించి ‘ఫ్లేమబుల్’ అనే వాడమని ప్రోత్సహించాయి. వ్యుత్పత్తిని పట్టుకొని వ్రేలాడకుండా వారు చేసిన పని నాకు మెచ్చదగినదిగా తోస్తుంది. మన ట్యాంకర్లపై ఇప్పటికీ పాత మాటే తరచుగా కనిపిస్తుంది. తెలుగు నేలపై తిరిగే వాహనం మీద ‘త్వరగా మండును’ అని తెలుగులోనూ వ్రాస్తే ఈ చిక్కే ఉండదు.

తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థులు ఇటువంటి పదాల పట్టికలను బట్టీ పట్టడమే మార్గమని అనుకొంటారు. ఇది నాకు సమ్మతం కాదు. న్యాయం, అన్యాయం, అంతం, అనంతం. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’ వస్తుందని మనకు తెలుసు. ఇంగ్లీషులోని ‘ఇన్’ కూడా పక్క అక్షరాన్ని బట్టి మారి ఇంపాజిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్ అనే రూపాలు పొందింది. సంధులు చదివినవారికి ఇది వింతేమీ కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి పుట్టి ఉంటాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రతిపాదించాడు. మన ‘అ’, లేమిని తెలిపే వారి ‘ఇన్’ నిజంగా జ్ఞాతులే. అచ్చతెలుగు దారి మాత్రం వేరు. ‘చదవని’, ‘రాదు’ అన్నప్పుడు లేమి మాట చివరకు చేరుతుంది.

‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిదని భ్రమపడేవారు ‘అమూల్యం’ విషయంలో ఎన్నడూ భ్రమపడరు. రెండింటి నిర్మాణం ఒక్కటే. వెల కట్టలేనిదని భావం. ‘ఇన్‌ఫేమస్’ అన్నది పేరు లేనివాని గురించి కాదు, చెడ్డపేరు పొందినవాని గురించి. అక్కడ మన ‘అపకీర్తి’ గుర్తుకు రావాలి. ఇక ‘వియోగం’లోని ‘వి’ విడదీస్తుంది, ‘విఖ్యాతి’లోని ‘వి’ పెంచుతుంది. గారడి మన ఇంట్లోనూ ఉన్నదన్నమాట!

కళాశాలలో తెలుగు, ఇంగ్లీషు అధ్యాపకులు ఉపసర్గల పాఠాన్ని ఒకే వారంలో, ఒకరి ఉదాహరణలు మరొకరు తీసుకొని చెప్పాలని నా అభిప్రాయం. పాఠ్యప్రణాళిక మారేవరకు వేచి ఉండనక్కరలేదు. ఇద్దరూ ఒకసారి కూర్చొని మాట్లాడుకొంటే చాలు.