‘మన సీటు’ ఎవరు తీసుకున్నారు?

2023 జూన్ 29 రాత్రి. ఎంఎస్ అప్లికేషన్ల కోసం పెట్టుకున్న మా వాట్సాప్ గ్రూపులో ఒకటే హడావుడి. ‘అమెరికాలో రిజర్వేషన్లు ఎత్తేశారంట, ఇక మనవాళ్లకే సీట్లు’ అని ఎవరో మెసేజ్ పెట్టారు. కింద వరసగా చప్పట్ల ఎమోజీలు. అందులో ఒకటి నాది. తీర్పులో ఒక్క పేజీ కూడా చదవకుండానే కొట్టేశా.

ఆ మెసేజ్‌లో రెండు తప్పులున్నాయని తర్వాత తెలిసింది. మీలో చాలామంది రేపు అమెరికా వెళ్తారు, కొందరికి ఇదే టాపిక్ గ్రూప్ డిస్కషన్‌లో ఎదురవుతుంది. అందుకే ఒకసారి లెక్క చూద్దాం.

అది రిజర్వేషన్ కాదు

మనకు రిజర్వేషన్ అంటే రాజ్యాంగం ఒప్పుకున్న కోటా. ఇన్ని సీట్లు ఫలానా వర్గానికి అని ముందే లెక్క ఉంటుంది. అమెరికాలో అలాంటి కోటా 1978లోనే పోయింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 మైనారిటీలకు పక్కన పెడితే, బాకీ కేసులో సుప్రీంకోర్టు కుదరదంది. కాకపోతే జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడొచ్చని చెప్పింది. ఆ తర్వాత 45 ఏళ్లు నడిచిన అఫర్మేటివ్ యాక్షన్ అదే. 2023లో హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో కోర్టు ఆ వెసులుబాటునీ తీసేసింది.

పిటిషనర్ల వాదనలో పస లేదని కాదు. హార్వర్డ్‌లో ఆసియా సంతతి విద్యార్థులకు చదువులో మంచి స్కోర్లున్నా, వ్యక్తిత్వానికిచ్చే రేటింగ్ మాత్రం తక్కువగా వచ్చేది. కావాలని వివక్ష చూపినట్టు రుజువు కాలేదని 2019లో కింది కోర్టు తేల్చింది. అయినా మనింటి పిల్లాడికి అలాంటి మార్కు పడితే మనం ఊరుకుంటామా? ఆ బాధ నిజమైనదే. దాని కారణం ఎవరి మీద వేస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

సీట్లు ఎటు వెళ్లాయి?

తీర్పు తర్వాత తొలి బ్యాచ్ 2024లో చేరింది. ఎంఐటీలో అంతకుముందు 13 శాతం దాకా ఉన్న నల్లజాతి విద్యార్థులు 5 శాతానికి పడిపోయారు. 40 శాతం చుట్టూ ఉన్న ఆసియా సంతతివాళ్లు 47 శాతం అయ్యారు. వాట్సాప్ మెసేజ్ నిజమైందనుకుంటున్నారా? ఆగండి. అదే ఏడాది యేల్‌లో ఆసియా సంతతివాళ్లు 30 నుంచి 24 శాతానికి తగ్గారు. ప్రిన్స్‌టన్‌లోనూ కొంత తగ్గారు. తీర్పు ఒకటే, ఫలితాలు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా. ఒక్క ఏడాది అంకెలతో ఏదీ తేలదు కానీ, ‘వాళ్లు పోతే మనకే’ అన్న సూత్రం మాత్రం నిలబడలేదు.

ఇంకో లెక్క చూడండి. హార్వర్డ్ కేసులో బయటికొచ్చిన డేటాను ఆర్థికవేత్తలు పరిశీలించారు. సీటొచ్చిన శ్వేతజాతి విద్యార్థుల్లో 43 శాతానికి పైగా నాలుగు రకాలవాళ్లే: కాలేజీ టీముల కోసం తీసుకున్న క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్లు, అధ్యాపకులు, సిబ్బంది పిల్లలు. మిగతా జాతులవాళ్లలో ఈ వాటా 16 శాతం లోపే. నాన్న చదివిన కాలేజీ అని కొడుక్కి ఇచ్చే ఈ మొగ్గును 2023 తీర్పు ముట్టుకోలేదు. మరి మన కోపం ఎప్పుడూ నల్లజాతి విద్యార్థి దగ్గరే ఎందుకు ఆగుతోంది?

మన దారి ఎవరు వేశారు?

1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు ‘శ్వేతజాతి’ కిందకు రారని, పౌరసత్వానికి అర్హులు కారని చెప్పింది. 1946లో తలుపు కాస్త తెరిచినా, భారత్ నుంచి వలసకు ఏడాదికి వంద మందికే అవకాశం. దేశాన్ని బట్టి కోటా పెట్టే ఆ పద్ధతికి ముగింపు పలికింది 1965 వలస చట్టం. నల్లజాతివాళ్లు వీధుల్లోకి వచ్చి, దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే అది వచ్చింది. ఆ ఉద్యమం తెచ్చిన ఒత్తిడి దాని వెనక ఉంది. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో విమానం ఎక్కింది ఆ తర్వాతే.

మీకు పనికొచ్చేది

ఎఫ్-1 వీసాపై వెళ్లేవాళ్లను అమెరికా ప్రభుత్వ లెక్కల్లో ఏ జాతిలోనూ కలపరు, విదేశీ విద్యార్థులుగా విడిగా చూపిస్తారు. పైన చెప్పిన 47, 24 శాతాల్లో మీరు లేరు. ‘మనవాళ్లకే సీట్లు’ అన్న రెండో తప్పు ఇక్కడుంది. మీ అడ్మిషన్‌కి జీపీఏ, ప్రాజెక్టులు, ఎస్‌ఓపీ, రికమండేషన్ లెటర్లే ముఖ్యం.

వ్యాసంలో మీ నేపథ్యం రాయడానికి భయపడొద్దు. జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి చెప్పుకోవచ్చని 2023 తీర్పులోనే ఉంది. ఊళ్లో తెలుగు మీడియం చదివి ఇంజినీరింగ్ దాకా వచ్చారా? అది మీకేం నేర్పిందో రాయండి.

ఉద్యోగాల్లో పరిస్థితి వేరు. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీలు అఫర్మేటివ్ యాక్షన్ పాటించాలన్న 1965 నాటి ఉత్తర్వును ట్రంప్ 2025 జనవరిలో రద్దు చేశారు. కానీ 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 7 అలాగే ఉంది. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదని అది చెబుతుంది. అమెరికాలో పనిచేసే విదేశీయులకూ అది వర్తిస్తుంది. రేపు మీ యాసనో మీ పేరునో చూసి ఎవరైనా పక్కన పెడితే, మీకు అండగా ఉండేది ఆ చట్టమే.

కాబట్టి ఈసారి మీ గ్రూపులో అలాంటి మెసేజ్ వస్తే, ఎమోజీ కొట్టేముందు ఒక్కటి అడగండి: మొత్తం సీట్లెన్ని, ఎవరెవరికి ఏ దారిలో వెళ్లాయి? నేను ఆ రోజు అడగలేదు.