లైన్‌బ్యాకర్ మెదడుకు పూచీ ఎవరిది?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రక్షణ పంక్తి వెనుక నిలిచి, ఎదుటి జట్టు బంతిని ఎటు నడిపించబోతోందో క్షణకాలంలో పసిగట్టి, అటువైపు దూసుకెళ్లి, బంతి పట్టినవాణ్ణి ఒంటితో ఢీకొని నేలకూల్చే ఆటగాణ్ణి లైన్‌బ్యాకర్ అంటారు. రక్షణ వ్యూహాన్ని సహచరులకు చేరవేసే బాధ్యత కూడా చాలా జట్లలో మధ్య లైన్‌బ్యాకర్‌దే. ఏ మెదడు చురుకుదనం అతణ్ణి ఆ స్థానానికి అర్హుణ్ణి చేస్తుందో, ఆ మెదడునే ఢీకొన్న ప్రతిసారీ పణంగా పెట్టవలసి రావడం ఈ వృత్తిలోని మౌలిక వైరుధ్యం. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు లైన్‌బ్యాకర్ క్రిస్ బోర్లండ్ ఒకే ఒక్క సీజన్ ఆడి, 2015 మార్చిలో, 24 ఏళ్ల వయసులో ఆట మానుకోవడాన్ని ఈ వైరుధ్యాన్ని దృష్టిలో ఉంచుకునే పరిశీలించాలి. అది ధైర్యమా, పిరికితనమా అన్న వాదంలో పడితే, అంతటి నిర్ణయభారాన్ని ఒక్క యువకుడి మీదే మోపిన వ్యవస్థ మాటేమిటన్న అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది.

ఒహాయో రాష్ట్రంలోని కెటరింగ్ పట్టణానికి చెందిన బోర్లండ్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతూ ఆడి, 2013లో బిగ్ టెన్ అనే విశ్వవిద్యాలయాల క్రీడా కూటమిలో ఉత్తమ రక్షణ ఆటగాడిగా ఎంపికయ్యాడు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోని 32 జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2014లో అతనికి మూడో విడతలో 77వ స్థానం దక్కింది. సీనియర్ లైన్‌బ్యాకర్లలో నవారో బోమన్ మోకాలి గాయంతో ఆ సీజన్ మొత్తానికీ దూరం కావడం, ప్యాట్రిక్ విల్లిస్ కాలి బొటనవేలి గాయంతో నడుమ తప్పుకోవడం వల్ల వచ్చిన అవకాశాన్ని అతను పూర్తిగా వినియోగించుకుని, వందకు పైగా ట్యాకిళ్లు, అంటే బంతితో పరుగెత్తేవారిని పట్టి పడగొట్టిన సందర్భాలు, నమోదు చేశాడు. నవంబరులో న్యూయార్క్ జెయింట్స్‌పై జరిగిన ఒక్క మ్యాచ్‌లోనే ప్రత్యర్థి విసిరిన బంతిని రెండుసార్లు గాలిలోనే చేజిక్కించుకున్నాడు. 2015 మార్చిలో విల్లిస్ 30 ఏళ్లకే ఆట విరమించడంతో జట్టులో ఆ స్థానం ఇక బోర్లండ్‌దేనని అందరూ అనుకుంటుండగా, వారం తిరక్కముందే అతనూ విరమణ ప్రకటించాడు.

తలకు తగిలిన దెబ్బకు మెదడు పుర్రె లోపల కుదుపుకు గురై, దాని పనితీరు తాత్కాలికంగా మందగించడాన్ని కంకషన్ అంటారు. 2014 శిక్షణ శిబిరంలో తనకు అలాంటి దెబ్బే తగిలిందని అనుమానం కలిగినా, జట్టులో చోటు సంపాదించుకోవాలన్న తపనతో ఆటను కొనసాగించానని బోర్లండ్ తర్వాత వెల్లడించాడు. ఆ అనుభవమే అతణ్ణి పరిశోధనలు చదవడానికి, పరిశోధకులను సంప్రదించడానికి పురిగొల్పింది. వారు చెబుతున్న వ్యాధి పేరు క్రానిక్ ట్రమాటిక్ ఎన్‌సెఫలోపతి, క్లుప్తంగా సీటీఈ. తలకు పదేపదే తగిలే దెబ్బల వల్ల మెదడు కణజాలంలో టావ్ అనే ప్రొటీన్ అసహజంగా పేరుకుని, జ్ఞాపకశక్తినీ, మనోనిబ్బరాన్నీ, చివరికి విచక్షణనూ దెబ్బతీసే స్థితి ఇది. 2002లో మరణించిన లీగ్ మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడులో దీన్ని డాక్టర్ బెనెట్ ఒమాలు గుర్తించారు. ఇరవై సీజన్లు ఆడి 2012లో, 43 ఏళ్లకు, ప్రాణం తీసుకున్న ప్రసిద్ధ లైన్‌బ్యాకర్ జూనియర్ సియావ్ మెదడులోనూ ఇది బయటపడింది. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో 111 మంది లీగ్ మాజీ ఆటగాళ్ల మెదళ్లకుగాను 110 మెదళ్లలో ఈ వ్యాధి కనిపించింది. అవి ప్రధానంగా అనుమానం ఉన్న కుటుంబాలు దానం చేసిన మెదళ్లు కాబట్టి ఆ నిష్పత్తిని ఆటగాళ్లందరికీ అన్వయించడం సరికాదు. అయితే ఆడిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని ఆ విశ్వవిద్యాలయమే 2019లో తేల్చింది. ఈ వ్యాధి మరణానంతర పరీక్షలోనే నిర్ధారణ అవుతుంది కనుక, లక్షణాలు కనిపించాక మానుకుందామని ఆగడం వివేకం అనిపించుకోదు.

జీతభత్యాల ఏర్పాటు మాత్రం ఆగమనే చెబుతుంది. 2011లో లీగ్, ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న ఉమ్మడి ఒప్పందం నుంచీ డ్రాఫ్ట్‌లో ఎంపికైన ఆటగాడి తొలి ఒప్పందం నాలుగేళ్లది, దాని విలువ అతను ఎన్నో స్థానంలో ఎంపికయ్యాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. అసలైన సంపాదన రెండో ఒప్పందంతోనే మొదలవుతుంది. ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం సగటు క్రీడాజీవితం నాలుగేళ్లు కూడా లేదు. అంటే దెబ్బలు ముందు, ప్రతిఫలం తర్వాత. ఆ తర్వాత అన్నది చాలామందికి రానే రాదు. బోర్లండ్ నాలుగేళ్ల ఒప్పందం విలువ దాదాపు 30 లక్షల డాలర్లు కాగా, సంతకం చేసినప్పుడు చేతికందిన బోనస్ సుమారు 6,17,000 డాలర్లు. ఆడని మూడు సీజన్లకు గాను ఆ బోనస్‌లో నాలుగింట మూడు వంతులు అతను తిరిగి ఇచ్చాడు. నియమం ప్రకారం అది సబబే కావచ్చు. కానీ వ్యాధి భయంతో తప్పుకున్నవాణ్ణీ, ఇష్టం లేక వెళ్లిపోయినవాణ్ణీ ఒకే గాటన కట్టే నియమం న్యాయమైనది కాదు.

ప్రమాదం తెలిసే వయోజనులు ఈ ఆటలోకి వస్తున్నారనీ, లీగ్ కూడా మారుతోందనీ వాదించేవారున్నారు. సీజన్‌లో పూర్తిస్థాయి ఢీకొట్టుళ్లతో కూడిన సాధనను 14 రోజులకు పరిమితం చేయడం, 2018లో తల వంచి ఢీకొట్టడాన్ని నిషేధించడం నిజమైన మార్పులే. ఆటకూ ఈ వ్యాధికీ సంబంధం ఉందని లీగ్ ఉన్నతాధికారి ఒకరు 2016లో అమెరికన్ కాంగ్రెస్ సభ్యుల ఎదుట ఒప్పుకున్నారు కూడా. అయినా, 2013లో లీగ్ ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారం అందుకున్న కరోలినా జట్టు లైన్‌బ్యాకర్ ల్యూక్ కీక్లీ వరుసగా మూడు సీజన్లలో కంకషన్‌కు గురై, 2020 జనవరిలో 28 ఏళ్లకే ఆట విరమించాడు. మైదానంలో నియమాలు ఎన్ని మారినా, ఢీకొనడమే పనిగా ఉన్న స్థానంలో ముప్పు తగ్గుతుందే గాని తొలగిపోదు.

కనుక సంస్కరణ ఒప్పంద పత్రం దాకా వెళ్లాలి. మెదడు ఆరోగ్యం దృష్ట్యా తప్పుకునే ఆటగాడి వద్ద బోనస్ తిరిగి వసూలు చేయరాదు. కనీస సీజన్లు పూర్తి కాలేదన్న కారణంతో అతనికి వైద్య సహాయం నిరాకరించరాదు. తొలి ఒప్పందంలోనే ప్రతిఫలాన్ని ముప్పుకు తగినట్లు సవరించాలి. వద్దని చెప్పినందుకు మూల్యం చెల్లించవలసిన చోట, సరేనన్న మాటను స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతిగా పరిగణించలేం. బోర్లండ్ ఆ మూల్యం చెల్లించగలిగాడు. కుటుంబ పోషణకు ఆ బోనస్ మీదే ఆధారపడిన మరో 24 ఏళ్ల లైన్‌బ్యాకర్ చెల్లించలేడు. ఈ క్రీడ తన నియమాలను రాసుకోవలసింది అతణ్ణి దృష్టిలో పెట్టుకునే.