తేనెపెట్టెకు సుద్దతెగులు: మందు దుకాణంలో దొరకదు

పోయిన సార్వాలో ముసురు పట్టిన రోజుల్లో మా కొబ్బరితోటలో తేనెపెట్టె గుమ్మం ముందు తెల్లటి ముక్కలు రాలి కనిపించాయి. సుద్దముక్కల్లా గట్టిగా ఉన్నాయి, కొన్ని నల్లబడ్డాయి. ఫ్రేము తీసి ఆడిస్తే మూసిన గదుల్లోంచి గలగలమని చప్పుడు. అవి ఎండి బిగుసుకుపోయిన పిల్లపురుగులు.

దుకాణానికి వెళ్తే యాంటీబయాటిక్ పొడి ఇచ్చి పంచదార పాకంలో కలిపి పెట్టమన్నారు. పెట్టాం. డబ్బు పోయింది గానీ తెగులు పోలేదు. ఎలా పోతుంది? ఇది బూజు వల్ల వచ్చే జబ్బు. అగ్గితెగులుకు పురుగుమందు కొట్టినట్టే అయింది మా పని. పైగా ఆ మందు అవశేషం తేనెలో బయటపడితే కొనేవాడు డబ్బాలు వెనక్కి పంపేస్తాడు.

దీన్ని చాక్‌బ్రూడ్ అంటారు. మనం సుద్దతెగులు అందాం. బూజు పేరు ఆస్కోస్ఫేరా ఏపిస్. దాని విత్తనం మేతతోపాటు పిల్లపురుగు కడుపులోకి పోతుంది. పిల్లగదులు 35 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉన్నంతవరకు పెద్దగా ఏమీ చేయలేదు. ఈగలు పలచబడి, పెట్టె తడిసి, గదులు చల్లబడ్డాయా, అప్పుడు విజృంభిస్తుంది. డెల్టాలో వానాకాలం తోట అడుగున ఉండే చెమ్మ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చివరికి మేం చేసినవి చిన్న పనులే. పెట్టెల్ని నేల మీద నుంచి అడుగున్నర పైకెత్తి, పొద్దుటెండ తగిలే చోటికి మార్చాం. వాననీరు నిలవకుండా గుమ్మం వైపు కాస్త వాల్చాం. ఈగలు కప్పలేని ఖాళీ ఫ్రేములు తీసేశాం. బాగా చెడిన తెట్టెలు కాల్చేశాం. దాచుకుందామని ఆశపడకండి, ఆ బూజు విత్తనాలు ఏళ్ల తరబడి బతుకుతాయి. ఒక పెట్టె ఫ్రేము ఇంకో పెట్టెలో పెట్టడం మానేశాం. అప్పటికీ తగ్గని రెండు పెట్టెల్లో రాణిని మార్చాం. చచ్చిన పిల్లల్ని చకచకా ఈడ్చి పారేసే ఈగల సంతతి నుంచి రాణిని తెచ్చుకోవాలి, అసలు బలం అక్కడే ఉంది.

ఒక జాగ్రత్త. పిల్లపురుగు గట్టిగా కాక నీళ్లసంచిలా మెత్తగా ఉంటే అది వేరే జబ్బు, వైరస్ వల్ల వచ్చే సాక్‌బ్రూడ్. 1990ల మొదట్లో దక్షిణాదిన మన నాటు తేనెటీగల్ని తుడిచిపెట్టింది అదే.

ఆ తేడా చెప్పేవాళ్లు మాకు దగ్గర్లో దొరకలేదు. మా కోపమంతా ఇక్కడే. కేంద్రం 2020లో 500 కోట్లతో జాతీయ తేనెటీగల పెంపకం మిషన్ పెట్టింది. జబ్బులు గుర్తించే ల్యాబులు కూడా అందులో ఉన్నాయి. అలాంటిది ఒకటి రాజమండ్రిలో పెట్టమని, తుపాను నష్టాల లెక్కలో తేనెపెట్టెల్ని కూడా రాయమని సంఘం తరఫున అర్జీ ఇస్తున్నాం. పెట్టెలున్న సభ్యులు రాలిన ముక్కల్ని మూత బిగించిన సీసాలో వేసి, ఏ ఊరు, ఎన్ని పెట్టెలు అని చీటీ రాసి వచ్చే సమావేశానికి తీసుకురండి. అర్జీతోపాటు అవీ బల్ల మీద పెడదాం.