“సర్వరు పనిచేయుట లేదు” అనుట ప్రత్యుత్తర మగునా?

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలయందు నేడు పల్లెవారును పట్టణవాసులును తఱచుగా వినుచున్న మాట యొకటి కలదు: “సర్వరు పనిచేయుట లేదు.” రేషను డిపోయొద్ద నిలుచున్న ముసలమ్మ యీ మాట విని ఉత్త సంచితో ఇంటికి మరలుచున్నది. ధ్రువపత్రమునకై కూలి మానుకొని వచ్చిన తండ్రికిని, పరీక్షాఫలితములకై యెదురుచూచు బాలునికిని ఇదే మాట. ఇది ప్రత్యుత్తరము కాదనియు, విచారణకు ఆరంభము మాత్రమే యనియు నా యభిప్రాయము.

వంశధార కాలువ శివారున సేద్యము చేయు రైతును చూడుడు. నీరు రానినాడు అతడు “కాలువ పనిచేయుట లేదు” అని ఊరకుండునా? గట్టు వెంబడి పైకి నడచి, తూము మూసియున్నదో, పూడిక నిండినదో, గండి పడినదో, గొట్టా బ్యారేజియొద్దనే నీరు తగ్గినదో కన్నులార చూచును. కారణము వేఱైనచో మందును వేఱే.

సర్వరును అట్టిదే. అది దూరమున నుండి అనేకుల కోరికలను తీర్చు కంప్యూటరు. దాని గట్టు వెంబడి నడచుటకు కొన్ని చిన్న ఆజ్ఞలు కలవు. బొమ్మలను నొక్కుటచేత గాక, తెరపై అక్షరములు టైపు చేయుటచేత ఇవి పనిచేయును. లినక్సు కంప్యూటరున ఇవి ఉచితముగా లభించును.

మొదట దారిని చూడవలెను. పింగ్ అను ఆజ్ఞ చిన్న సందేశమును పంపి, బదులు వచ్చుటకు పట్టిన కాలమును తెలుపును. దీనిని 1983లో మైక్ మ్యూస్ రచించెను. విశాఖపట్టణమున కురుసుర జలాంతర్గామిని చూచివచ్చిన విద్యార్థులు సోనారు సంగతి వినియుందురు. ఆ సోనారు ధ్వనినిబట్టియే దీనికీ పేరు వచ్చినది. బదులు రానిచో, సందేశము ఏ మజిలీవఱకు పోయినదో ట్రేస్‌రూట్ చూపును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమును తాకినపుడు విద్యుత్ స్తంభములు కూలి, ఫోనులు మూగవోయినవి. అట్టి దినమున దోషము దారిది గాని సర్వరుది కాదు. అయితే కొన్ని సర్వరులు రక్షణకొఱకు పింగునకు బదులీయవు. కావున మౌనమును మరణమని తలంపరాదు.

దారి బాగున్నచో యంత్రమును చూడవలెను. అప్‌టైమ్ అనునది గడచిన 1, 5, 15 నిమిషముల సగటు భారమును మూడంకెలలో చెప్పును. మొదటి యంకె మూడవదానికన్న పెద్దదైనచో భారము పెరుగుచున్నదని యర్థము. ఆ భారము ఏ ప్రోగ్రామువలన కలిగినదో టాప్ చూపును. మెమరీ ఎంత మిగిలినదో ఫ్రీ చెప్పును; అందు “అవైలబుల్” అను గడిని చదువవలెను. డిస్కు నిండినదో లేదో డి.ఎఫ్. తెలుపును. ఇక యంత్రము తన దినచర్యను లాగు అను ఫైలునందు వ్రాసికొనును. దాని కడపటి పంక్తులను టెయిల్ చూపును. కోరిన మాటగల పంక్తులను గ్రెప్ ఏఱి యిచ్చును.

“ఇంత శ్రమయేల? ఆపి మరల నడిపించిన చాలును గదా” అని కొందఱందురు. జనులు వేచియున్నపుడు అదియు అవసరము కావచ్చును. కాని చూడక ఆపినచో, ఆ క్షణమున మెమరీయందున్న సాక్ష్యము నశించును. డిస్కు నిండుటయే కారణమైనచో రేపును అదే దుఃఖము. ముందు రెండు నిమిషములు చూచి, కనబడినదానిని వ్రాసికొని, పిమ్మట ఆపుట మేలు.

కనుక ప్రతి ఉన్నత పాఠశాలయందును ఒక పాత కంప్యూటరున లినక్సు నుంచి, తొమ్మిదవ తరగతి పిల్లలచే ఈ యాజ్ఞలను అభ్యసింపజేయవలెను. ఇతరుల యంత్రమును అనుమతి లేక ముట్టరాదనియు అప్పుడే బోధింపవలెను. తలిదండ్రులారా, మీరును “సర్వరు పనిచేయుట లేదు” అని విన్నపుడు “దోషమెక్కడ? ఎప్పటికి బాగగును? అంతవఱకు మాకు వేఱు మార్గమేమి?” అని మర్యాదగా అడుగుడు. అడుగు ప్రజలును, వెదకి చెప్పగల పనివారును ఉన్నచోటనే యంత్రము మనుష్యునికి సేవకుడగును.