అడవికెళ్ళినా వంటిల్లు వెంటేనా?

"ఈసారి సెలవులకి హోటల్ ఖర్చే ఉండదు. పాపప్ తగిలించుకుని యోసెమిటీ వెళ్ళిపోదాం" అని ఆయన అనడం ఆలస్యం, పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఇల్లాలు మాత్రం అప్పుడే మనసులో లెక్కలు వేసుకుంటుంది. బియ్యం ఎన్ని కిలోలు పెట్టాలి? చంటిదానికి స్వెట్టర్లు సరిపోతాయా? మామగారి మందులు ఎక్కడ సర్దాలి?

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో ఇప్పుడు ఇలాంటి మాటలు తరచుగా వినిపిస్తున్నాయి. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళి నాలుగు నెలలు ఉండి వచ్చిన అత్తగార్లు, అమ్మలు కూడా ఆ అడవుల కబుర్లు మోసుకొస్తున్నారు. చెట్లు, జలపాతాలు, జింకలు... అన్నీ బాగానే ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ విశ్రాంతి ఎవరికి దొరికింది అని అడిగితే మాత్రం చాలామంది నవ్వి ఊరుకుంటారు.

విప్పితే ఇల్లు, మడిస్తే పెట్టె

పాపప్ క్యాంపర్ అంటే కారు వెనక తగిలించుకునే చిన్న చక్రాల బండి. దారిలో ఉన్నప్పుడు మూత వేసిన పెద్ద పెట్టెలా ఉంటుంది. చోటు చేరాక హ్యాండిల్ తిప్పితే కప్పు పైకి లేస్తుంది, అటూ ఇటూ రెండు మంచాలు బయటికి జరుగుతాయి, చుట్టూ కాన్వాస్ గోడలు నిలబడతాయి. లోపల ఓ చిన్న బల్ల, చాలావాటిలో గ్యాస్ పొయ్యి, సింకు ఉంటాయి. మన పెద్దలు జాతరలకి కట్టుకుపోయిన గూడుబండికి ఇది దూరపు చుట్టం అనుకోవచ్చు.

దీని సుఖం దీనికుంది. నేలమీద పడుకోనక్కరలేదు. వాన పడితే పక్క తడవదు. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్ళు కూడా రాగలరు. పెద్ద మోటారు ఇళ్ళతో పోలిస్తే ధర తక్కువ, బరువు తక్కువ. యోసెమిటీలో అప్పర్ పైన్స్ అనే క్యాంపు మైదానంలో 2025లో ఒక స్థలానికి రాత్రికి 36 డాలర్లు. ఆరుగురి దాకా ఉండొచ్చు. తల్లీ తండ్రీ, ఇద్దరు పిల్లలు, తాతా బామ్మా... లెక్క సరిగ్గా సరిపోతుంది. హోటల్లో రెండు గదులు తీసుకోవడంతో పోలిస్తే ఇది చవకే.

అయితే ఆ తగ్గిన డబ్బు పని రూపంలో తిరిగొస్తుంది. చిక్కంతా అక్కడే.

కొబ్బరినూనె కూడా లాకర్లోకే

యోసెమిటీ క్యాంపు మైదానాల్లో బండికి కరెంటు, కుళాయి కనెక్షన్లు ఇవ్వరు. నీళ్ళు పట్టి తెచ్చుకోవాలి. అలాగని కుళాయి దగ్గర కూర్చుని అంట్లు తోముదామంటే కుదరదు. అందుకని కేటాయించిన చోట తప్ప పబ్లిక్ కుళాయిల దగ్గర గిన్నెలు, బట్టలు కడగకూడదని నేషనల్ పార్కుల నిబంధన. మురికినీళ్ళు నేలమీద పారబోయకూడదు కూడా.

ఇక ఎలుగుబంట్లు. గట్టి గోడలున్న బండిలో ఆహారం లోపలే పెట్టి తలుపులు, కిటికీలు వేసుకోవచ్చు. పాపప్‌వి గుడ్డ గోడలు. ఎలుగు పంజాకి అవి ఏపాటి? అందుకే పాపప్‌లో వచ్చినవాళ్ళు తినుబండారాలన్నీ స్థలం దగ్గరుండే ఇనుప లాకర్లో పెట్టి గొళ్ళెం వేయాలి. తిండి ఒక్కటే అనుకునేరు! సబ్బు, టూత్‌పేస్టు, ముఖానికి రాసుకునే క్రీము, కొబ్బరినూనె... వాసన వచ్చేదల్లా లాకర్లోకే. రాత్రి పిల్లాడు ఆకలంటే బిస్కెట్టు కోసం మళ్ళీ గొళ్ళెం తియ్యాలి, మళ్ళీ వెయ్యాలి.

యెల్లోస్టోన్ పార్కులో ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోటికైతే గుడ్డ గోడల బండ్లను అసలు రానివ్వరు. అక్కడ గ్రిజ్లీ ఎలుగులు తిరుగుతాయి. స్థలం బుక్ చేసే ముందు ఈ సంగతి చూసుకోకపోతే, అంత దూరం వెళ్ళి వెనుతిరగాల్సి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. కొండల్లో రాత్రి చలికి పిల్లలు వణుకుతుంటే ఏ తల్లికైనా బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చి పెట్టాలనిపిస్తుంది. పొయ్యి వెలిగించి ఉంచితే వెచ్చగా ఉంటుంది కదా అనిపిస్తుంది. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అది పసిగట్టి మోగే చిన్న అలారం బండిలో ఉండాలి, పనిచేస్తోందో లేదో బయలుదేరే ముందే నొక్కి చూడాలి.

ఆ 'కర్రీ' మన కూర కాదు

యోసెమిటీలో కర్రీ విలేజ్ అని ఓ చోటుంది. పేరు చూసి మనవాళ్ళు ఆశపడతారుగానీ, అది ఇంటిపేరు. డేవిడ్, జెన్నీ కర్రీ అనే ఉపాధ్యాయ దంపతులు 1899లో ఏడు గుడారాలతో అక్కడ బస మొదలుపెట్టారు. సామాన్య కుటుంబాలు భరించగలిగేలా రోజుకి రెండు డాలర్లు, భోజనంతో సహా. 1917లో భర్త పోయాక కూడా జెన్నీ ఆ బసను నడిపించింది. అందరూ ఆమెను 'మదర్ కర్రీ' అనే పిలిచేవారు.

ఈ కథలో గమనించాల్సిందొకటుంది. ఆనాడు అక్కడికొచ్చిన ఇల్లాళ్ళు గరిటె పట్టుకోనక్కరలేదు. పక్క, భోజనం ఇంకొకరు చూశారు, ఆ పనికి డబ్బు ముట్టింది. ఈనాడు పాపప్‌లో అదే పని ఇంటామె చేస్తోంది. దానికి లెక్కా లేదు, పద్దూ లేదు. కార్తీక వనభోజనాల్లో ఉసిరిచెట్టు కింద అందరికంటే చివర తినేదెవరో మనకి తెలియనిది కాదుగా!

సర్కారు చెయ్యి తీస్తే...

ఇంట్లో పంచుకోవలసిన సంగతి అలా ఉంచితే, ఈ పని బరువు ప్రభుత్వం చేతిలో కూడా ఉంది. శుభ్రమైన మరుగుదొడ్డి, నీళ్ళొచ్చే కుళాయి, రాత్రి ఒక చుట్టు తిరిగి వెళ్ళే రేంజరు... ఈ మూడూ ఉంటేనే ఆడపిల్లలతో వచ్చిన తల్లి నిశ్చింతగా పడుకోగలుగుతుంది.

2018 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ కార్యకలాపాలు స్తంభించినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. గేట్లు తెరిచే ఉంచారు, సిబ్బంది మాత్రం లేరు. మరుగుదొడ్లు లేక మానవ మలం పేరుకుపోవడంతో యోసెమిటీలో వావోనా, హాడ్జ్‌డన్ మెడో క్యాంపు మైదానాలను మూసేయాల్సి వచ్చింది.

2024లో నేషనల్ పార్కులకు 33 కోట్లకు పైగా సందర్శనలు నమోదయ్యాయి, అది అప్పటికి రికార్డు. మరుసటి ఏడాదే సిబ్బందికి కోత పడింది. 2025 ఫిబ్రవరిలో సుమారు వెయ్యిమంది కొత్త ఉద్యోగులను తీసేశారు, తర్వాత కోర్టు ఉత్తర్వులతో కొందరిని వెనక్కి పిలిచారు. ఆ ఏడాది జులై నాటికి శాశ్వత సిబ్బందిలో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారని పార్కుల పరిరక్షణకు పనిచేసే 'నేషనల్ పార్క్స్ కన్జర్వేషన్ అసోసియేషన్' లెక్క చెప్పింది. యోసెమిటీలో ఆ వేసవి రిజర్వేషన్లు కొన్ని ఆలస్యంగా విడుదలయ్యాయి. అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ప్రభుత్వం మళ్ళీ స్తంభించింది.

పొదుపు పేరుతో ఒక ఉద్యోగిని తీసేస్తే కాగితం మీద జీతం మిగులుతుంది. ఆ ఉద్యోగి చేసిన పని మాత్రం మిగిలే ఉంటుంది. మరుగుదొడ్డి కడిగే మనిషి రాకపోతే చంటిపిల్లను ఎత్తుకుని పరుగెత్తేది తల్లే. దారి చెప్పే రేంజరు లేకపోతే చీకటి పడేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చునేదీ ఆమే.

అమ్మానాన్నలు వెంట వస్తే

కొత్త ధరల సంగతీ తెలుసుకోవాలి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివసించేవారికి అన్ని పార్కుల వార్షిక పాస్ 80 డాలర్లు, విదేశీయులకు 250 డాలర్లు. ఆ పాస్ లేకుండా యోసెమిటీ, యెల్లోస్టోన్, గ్రాండ్ కేనియన్ వంటి 11 ప్రసిద్ధ పార్కులకు వచ్చే విదేశీ సందర్శకులు, 16 ఏళ్ళు నిండినవారైతే, మామూలు రుసుముకి తోడు మనిషికి 100 డాలర్లు కట్టాలి. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్ళే తల్లిదండ్రుల మీద పడే మాట ఇది. ఇద్దరికీ కలిపి 200 డాలర్లంటే ఆ చవక క్యాంపులో ఐదు రాత్రుల అద్దె! అందుకే ఎవరి పేరున ఏ పాస్ తీసుకోవాలో పార్కువారి నిబంధనలు చదివి ముందే తేల్చుకోండి.

అట్లాంటా, షార్లెట్ వైపు ఉన్నవాళ్ళకి గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు ఉండనే ఉంది. అది ఆ 11లో లేదు. ప్రవేశ రుసుమే లేదు. 2023 నుంచి పార్కింగ్ రుసుము మాత్రం పెట్టారు. అయితే అక్కడి క్యాంపు మైదానాల్లో స్నానాల గదులుండవని గుర్తుంచుకోవాలి.

పేరుపేరునా పంచండి

ఇంతా చదివి "అయితే పాపప్ వద్దంటారా?" అనకండి. తప్పకుండా వెళ్ళండి. తెల్లవారుజామున పైన్ చెట్ల గాలికి పిల్లలు నిద్రలేవడం చూడ్డం గొప్ప అనుభవమే. బయలుదేరే ముందు మాత్రం ఒక కాగితం తీసుకోండి. బండి విప్పేదెవరు, నీళ్ళు తెచ్చేదెవరు, లాకరు గొళ్ళెం చూసేదెవరు, అంట్లు ఎవరివి... ప్రతి పనికీ ఎదురుగా ఒక పేరు రాయండి. 'అందరం కలిసి చేద్దాం' అని రాస్తే అది చివరికి మీ పేరే అవుతుంది, జాగ్రత్త!

ఇంటికొచ్చాక ఇంకో పని ఉంటుంది. తడిసిన కాన్వాస్‌ని వాకిట్లో మళ్ళీ విప్పి ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. అందరూ అలసిపోయి సోఫాలో వాలిపోయే వేళకి గుర్తొచ్చే పని ఇది. కాగితంలో ఆఖరి వరస దానికి ఉంచండి. దాని ఎదురుగా మీ పేరు తప్ప ఎవరి పేరైనా సరే!